కొట్టేసిన దీపాల నియమం

శ్రీకాంత్ పుట్టింది శామీర్‌పేట పక్క ఊళ్లో. ఆ ఊరి మీద పొద్దున్నుంచీ వాయుసేన శిక్షణ విమానాలు తిరుగుతూనే ఉంటాయి. ఊరివాళ్లకు అది ట్రాక్టరు చప్పుడుతో సమానం, తలెత్తి చూడరు. వాడు మాత్రం అన్నం కలుపుతూ కూడా ఇంజను తగ్గించారనో, మళ్లీ పెంచారనో శబ్దాన్ని బట్టి చెప్పేవాడు. ఆ రెండు సీట్ల విమానంలో ముందు సీట్లో కూర్చోవాలి. వాడికి కావలసింది అదొక్కటే.

ఆదివారాలు మేం ముగ్గురం గండిమైసమ్మ చౌరస్తాలో టైర్ల షాపు పైగదిలో కలిసేవాళ్లం. మూడోవాడు భానుతేజ, మచ్చ బొల్లారం నుంచి వచ్చేవాడు. వాళ్లది ఏలూరు, తండ్రి బ్యాంకు ఉద్యోగి. నేను గాజులరామారంలో మందుల డబ్బాలకు లేబుళ్లు అంటించేవాణ్ణి. మాది బల్ల మీద ఆడే ఆట. ఒకడు కథ నడుపుతాడు, మిగిలినవాళ్లు అందులో మనుషులై ఏం చేస్తారో నోటితో చెబుతారు, అది జరిగిందీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. ఆట పుస్తకంలో ఉన్నవన్నీ బాంబులు మోసే విమానాలే. శ్రీకాంత్‌కు అవి నచ్చలేదు. మా నెత్తి మీద తిరిగేదాన్నే ఆటలోకి దించాడు.

నెల రోజులు కూర్చుని దాని లెక్కలు నోటుబుక్కులో రాశాడు. వేగం తక్కువ. తుపాకి లేదు. ఒక్క దెబ్బ కూడా తట్టుకోదు.

"తుపాకి లేని విమానంతోని ఏం జేస్తం రా?" అన్నాను.

"నేర్సుకుంటం," అన్నాడు.

"అంటే మనది యుద్ధం కాదన్నమాట, ట్యూషనన్నమాట," అన్నాడు భానుతేజ.

వాడు రాసిన నియమాల్లో ఒకటి ఇది: రేడియో చెడిపోతే టవరు దీపం చూపాలి. ఆకుపచ్చ అయితే దిగాలి, ఎరుపైతే దిగకూడదు. దీపాలకు బదులు సీసా మూతలు పెట్టుకున్నాం. ఆ రోజు కథ నడిపేది నేను. శ్రీకాంత్ విమానం కిందికి వస్తుంటే ఎర్ర మూత ఎత్తి చూపాను. వాడు దించేశాడు.

"ఎరుపుకే దించేశావేంట్రా? మేడ్చల్ హైవే అనుకున్నావా?" అని భానుతేజ పడీపడీ నవ్వాడు.

"గ్రీనే సూపిచ్చిండు గద," అన్నాడు శ్రీకాంత్. వాడు నవ్వలేదు.

రెండు మూతలూ అరచేతిలో పెట్టి ఏది ఎర్రదని అడిగాను. వాడు వాటిని కిటికీ వైపు తిప్పి చూశాడు, వేలితో రుద్దాడు. "గీ ట్యూబ్‌లైట్ల ఏం కనిపిస్తది," అన్నాడు.

నాకు అర్థమైంది. పాత కాగితాల దుకాణంలో నేను కిలోల లెక్కన కొన్న పుస్తకాల్లో కంటి గురించి ఒకటి ఉంది. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకుండా పుట్టుకతో వచ్చే ఈ లోపం తగ్గదని, ఇది ఉన్నవాణ్ణి విమానం నడపనివ్వరని అందులో చదివాను.

చెప్పలేదు. తర్వాతి ఆదివారం ఆ నియమం మీద గీత కొట్టి, పక్కన "రేడియో ఎప్పుడూ చెడిపోదు" అని రాశాను.

"గట్లెట్ల? కరాబు గాని రేడియో ఉంటదా?" అన్నాడు శ్రీకాంత్.

"దీపాలతోని ఆట లేటైతాంది," అన్నాను.

జాలి వల్లే చెప్పలేదని చాలాకాలం అనుకున్నాను. జాలి కొంతే. మా ముగ్గురిలో ఆశ ఉన్నవాడు వాడొక్కడే. వాడూ కూలబడితే ఆదివారాలు ఉండవు. నాకు మిగిలింది ఆ ఆదివారాలే.

మూడేళ్లు వాడు చీకటితో లేచి చెరువు కట్ట మీద పరిగెత్తాడు. వాయుసేన రాతపరీక్ష రెండుసార్లు పోయి మూడోసారి వచ్చింది. ఐదు రోజుల ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాడు. వాడు ఇల్లు చేరేలోపే తండ్రి అంజయ్య చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాడు. ఎవరో పైలట్ ఒంటికి వాడి తల అతికించి, కింద కులపెద్దల ఫోటోలు, శుభాకాంక్షలు.

"ఇంకా మెడికల్ ఉన్నది నాయినా, దించెయ్యి," అన్నాడట వాడు.

"నీకేం రోగం రా? కోడెదూడ లెక్కున్నవ్," అన్నాడట అంజయ్య.

మెడికల్‌లో రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టారు. చుక్కల్లో దాగిన అంకె చెప్పాలి. మొదటి పేజీలో చెప్పాడు. తర్వాతి పేజీలన్నిటికీ కనిపించడం లేదనే చెప్పాడు. డాక్టరు పుస్తకం మూసి, "ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడట.

ఆ ఆదివారం వాడు పైగదికి వచ్చాడు. కిటికీకి ఎదురుగా ఫ్లెక్సీ ఇంకా ఊగుతోంది. నోటుబుక్కు తీసి పేజీలు తిప్పాడు. కొట్టేసిన నియమం దగ్గర ఆగాడు. పక్కన నా దస్తూరి, పైన తేదీ.

"నీకు ఎరుకనా?"

నేను తలూపాను.

"మూడేండ్లు," అన్నాడు.

"చెప్తే నమ్ముతుంటివా?"

"నమ్మకపోతుంటి. నిన్ను కొడుతుంటి గూడ. గని చెప్పాలె గద రా."

నోటుబుక్కు చింపుతాడనుకున్నాను. మూసి, బల్ల అంచుకు సమంగా పెట్టి మెట్లు దిగిపోయాడు. భానుతేజ పాచికలు ఏరి డబ్బాలో వేశాడు. తర్వాత ఆ డబ్బా ఎవరూ తెరవలేదు.

ఇప్పుడు వాడు తండ్రి రియల్ ఎస్టేట్ ఆఫీసులో ప్లాట్లు చూపిస్తాడు. లేఅవుట్ పటంలో అమ్ముడైనవి ఎరుపు, మిగిలినవి ఆకుపచ్చ. చేరిన వారంలోనే, అమ్ముడైనవి ఏవో అంజయ్యను అడిగి, వాటి మీద పెన్నుతో అడ్డగీతలు పెట్టుకున్నాడట. మొన్న తప్పు నాదేనని చెబుదామని పోయి ఆ పటం ముందు నిలబడ్డాను.

"ఏ ప్లాట్ సూస్తరన్నా?" అన్నాడు, ఎవరో కొనడానికి వచ్చినట్టు.

పైన విమానం మలుపు తిరుగుతోంది. ఇంజను తగ్గించారు. అది నాకు కూడా తెలిసింది. వాడు పటం మీంచి తల ఎత్తలేదు.