ఆ ఈల తెగకుండా

ఈ ఉదయం ఆరూ నలభైకి మా అత్త స్కానింగ్ ఫైళ్లు నా ఫోన్‌లోకి దిగాయి. ఆవిడ పోయి రెండు వారాలు దాటింది. గుంటూరు ఆసుపత్రి వాళ్లను ఎప్పుడో అడిగినవి, ఇప్పుడు పంపారు. ఇక వాటితో పని లేదు. తెర మీద చిన్న చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది. టీ పొయ్యి మీద నుంచి దించేలోపు అంతా అయిపోయింది.

ఆవిడ నా మేనత్త, ఒకప్పుడు నరసరావుపేట ట్రంకు ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఊళ్ల మధ్య ఫోను కలపాలంటే ఆవిడలాంటి మనిషి చేత్తో తీగ గుచ్చాల్సిన కాలం అది. కలిపి ఊరుకోకూడదు, మూడు నిమిషాలకోసారి లైనులోకి వచ్చి, మాట్లాడుతున్నారా, పొడిగించమంటారా అని అడగాలి. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. రెండోసారి అన్నం వడ్డించబోతూ కూడా "పొడిగించమంటావా?" అనేది. మామయ్య తలెత్తకుండా "కట్ చెయ్" అనేవాడు.

మామయ్య దాచేపల్లి పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కొలిమి మనిషి. ఎనభైలు ముగిసే రోజుల్లో అదే ఫ్యాక్టరీలో నేను కంప్యూటరు ఆపరేటరుగా చేరాను. కొలిమి అంటే వీధి పొడుగున పడుకోబెట్టిన ఇనప గొట్టం. లోపల మంట, బయట అది తిరుగుతూనే ఉండాలి. కాగి ఉండగా ఆపితే వంగిపోతుంది. బొగ్గు ఎంత, గాలి ఎంత అన్నది ఆ ఏడు నుంచి కంప్యూటరు చూసుకునేది. అంతకు ముందు మనిషే గొట్టం మూతి దగ్గర నిలబడి, నీలం అద్దంలోంచి మంట చూసి సరిచేసేవాడు. నేను చేరిన కొత్తలో, కంప్యూటరు పని మొదలుపెట్టక ముందు, అలా నిలబడిన ఒకతని మీదికి మంట వెనక్కి తన్నింది. అతన్ని మోసుకెళ్లినప్పుడు వచ్చిన కాలిన తువ్వాలు వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు లేచింది గాని అందులోని ప్రోగ్రాం లేదు. దాని నకలు దాచిన ఫ్లాపీ తీసి చూస్తే కిటికీ ఎండకు అప్పడంలా వంకర తిరిగి ఉంది. మామయ్య తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని మూతి దగ్గరికి మెట్లెక్కాడు. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. ఆ షిఫ్టులో ఆ పని వచ్చినవాడు ఇంకొకడు లేడు.

అదే ప్రోగ్రాం హైదరాబాదు హెడ్డాఫీసు పెద్ద కంప్యూటరులో ఉంది. దాన్ని ఫోను మీదుగా తెచ్చుకోవచ్చు. రిసీవరును రెండు రబ్బరు గిన్నెలున్న పెట్టెలో బోర్లా పెడితే, అవతలి యంత్రం ఈల వేస్తుంది, ఇవతలిది ఆ ఈలను ఫైలుగా మార్చుకుంటుంది. ట్రంకు కాల్ బుక్ చేశాను. నరసరావుపేటలో అత్తే తీసింది. గుంటూరు ఎక్స్ఛేంజీ మీదుగా కలిపింది. తెర మీద అంకెలు పెరుగుతున్నాయి. ఇంతలో రబ్బరు గిన్నెలోంచి సన్నగా "హలో, మాట్లాడుతున్నారా?" అని వినిపించింది. అంకెలు ఆగాయి. మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఈసారి ఆవిడ ఈల విని, లైను చెడిందనుకుని, పాపం, తీగ పీకి ఇంకో మంచి లైను ఇచ్చింది. కిటికీలోంచి చూస్తే మామయ్య ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు.

"అత్తా, ఈసారి లైనులోకి రాబాక" అన్నాను.

"రాకపోతే ఎట్టరా? ఆ కూత ఏంది, చెవులు చిల్లులు పడతన్నాయి."

"ఆ కూతే ఫైలు. మధ్యలో ఎవురన్నా వస్తే పాడైపోద్ది."

"మనుషులు మాట్టాడని ఫోను ఎంతసేపని ఉంచేది? సూపర్‌వైజరు నన్ను పీకేస్తాడు."

చెప్పకూడదనుకున్నాను. చెప్పక తప్పలేదు. "మామయ్య మూతి కాడ నిలబడున్నాడత్తా. ఆ ఫైలు వస్తేనే దిగేది."

ఆవిడ, నాతో కాదు, "అమ్మాయ్ గుంటూరూ, ఈ లైనులో చెవి పెట్టబాక. ఆ హైదరాబాదు పిల్లకి గూడా చెప్పు" అంది. నాతో మాత్రం "కానియ్" అంది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. అంకెలు పెరుగుతుంటే నేను తెరనూ కిటికీనీ మార్చి మార్చి చూశాను. ఒకసారి మూతిలోంచి మంట నాలుకలా బయటికి వచ్చి లోపలికి పోయింది. తువ్వాలు కనిపించలేదు. మళ్లీ కనిపించింది. ఫైలు పూర్తయింది, కంప్యూటరు కొలిమిని అందుకుంది, కనుబొమలు కాలిన మామయ్య మెట్ల మీద కూర్చుంటూ కూర్చుంటూ దిగాడు. నేను ఫోను హుక్కు తట్టాను. చాలాసేపటికి లైనులో టక్కుమంది.

"అత్తా, దిగాడు. నీళ్లు తాగతన్నాడు."

డ్యూటీ గొంతుతో, "పొడిగించమంటారా?" అంది.

ఆ సంగతి ఆవిడ ఒక్కసారే మాట్లాడింది. తను వినాలని మీట నొక్కితే లైనులో టక్కుమంటుంది, ఆ టక్కుకే ఈల తెగుతుందేమోనని భయం. అందుకని వినలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తీగ పైనున్న చిన్న దీపాన్ని చూస్తూ కూర్చుంది. మా వైపు నుంచి నేను హుక్కు తడితేనే అది వెలుగుతుంది. "వెలిగితే మంచో చెడో నాకేం తెలుసురా? వెలిగినాక గూడా చెయ్యి లేవలా" అంది.

మామయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆవిడ ఆఖరి రోజుల్లో ఆసుపత్రి వాళ్లు నన్ను గది అద్దం ఇవతలే ఉండమన్నారు. లోపల యంత్రం మీద పచ్చ దీపం ఉంది. నేనూ చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూశాను. అప్పుడు తెలిసింది, ఆ మధ్యాహ్నం మా ముగ్గురిలో ఎక్కువ భయపడింది ఎవరో.

ఇప్పుడు ఫైళ్లు వాటంతటవే వస్తాయి. మధ్యలో మనిషి కూర్చోవడం లేదు. మాట్లాడుతున్నారా అని ఎవరూ అడగడం లేదు.