తెరుచుకోని పర్చూరు ఫైలు

మాలో పెద్దవాడైన అనంతపద్మనాభం చివరిగా చేసిన పని, మా ఒంగోలు ఆఫీసుకు కొత్తగా వచ్చిన కంప్యూటరులో పర్చూరు నుంచి వచ్చిన రెబ్కా పేరు మళ్ళీ వెతకడం. వితంతు పింఛను జాబితాలో ఆమె పేరు లేదన్నాడు గుమాస్తా. అనంతపద్మనాభం లేచాడు, కూర్చున్నాడు, కళ్ళజోడు తుడిచి మళ్ళీ లేచాడు. "పర్చూరు ఫైలు చదవడానికి అనుమతి లేదని తెర మీద ఏడుస్తోంది, చూళ్ళేదా? తెరవని ఫైల్లో పేరు లేదని ఎట్టా అంటావురా?"

"రేపు రామ్మా," అని ఆమెను పంపి, అనుమతి కోసం ఆఫీసరు గదికీ కంప్యూటరుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. మేం ఇళ్ళకు వెళ్ళిపోయాం. తెల్లారేసరికి అతని గుండె ఆగిపోయింది. రెబ్కా రెండుసార్లు వచ్చింది, లేదనే చెప్పాం. పన్నెండో రోజున అతని భార్య కళ్ళజోడు పెట్టె తెచ్చిచ్చింది. అందులో మడిచిన కాగితం మీద, పర్చూరు ఫైలు నుంచి అచ్చయిన రెబ్కా పేరు ఉంది.