ఉరుము విని ముగిసిన కుటుంబ ప్రార్థన

పసుపు ఉడకబెట్టే కాలంలో మా అబ్బాయి సాల్మన్‌కు ప్రార్థనకు తీరిక ఉండదు. తర్వాత అమ్మకాలు, ఆ తర్వాత మళ్లీ విత్తడం. అందుకే ఈ సాయంత్రం పాస్టరు గారినే ఇంటికి పిలిపించి, వాణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. లోకపు పనుల్లో పడి దేవుణ్ణి మరవవద్దని ఆయన చక్కగా వాక్యం చెప్పి, ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు.

అంతలో ఉరిమింది. ఉడికించిన పసుపు, ఏడాది పంటంతా, బయట కల్లంలో ఎండుతోంది. తడిస్తే రంగు పోతుంది. రంగు పోయిన పసుపును ఆర్మూరులో ఎవరూ మంచి ధరకు అడగరు.

“అమ్మా, మబ్బు వట్టింది. జర పోయి కప్పొస్త,” అన్నాడు సాల్మన్ మెల్లగా.

“ఆమెన్ అనకముందు లేస్తే ఊకోను. కండ్లు మూసుకో,” అన్నాను.

వెంటనే ఆమెన్ వినిపించింది. పాస్టరు గారు అంత పొట్టి ప్రార్థన ఎన్నడూ చేయలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నారు.

“ఏమనుకోకుండ్రి అమ్మా, నా పసుపు గూడ చర్చి డాబా మీద ఎండుతున్నది,” అంటూ బండెక్కి వెళ్లిపోయారు.

ఇక నేనూ లేచి టార్పాలిన్ ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస లాగుతూ సాల్మన్ ఆకాశం వైపు చూసి, “ప్రభువా, గీ కుప్ప కప్పేదాంక ఆపు తండ్రీ, నీ కాల్మొక్త,” అని గట్టిగా వేడుకున్నాడు. కప్పడం పూర్తయ్యాకే చినుకులు పడ్డాయి.

వాడు ఇంత మనసు పెట్టి ప్రార్థించడం నేను ఇదే మొదటిసారి విన్నాను. దీన్ని భక్తి కింద జమ కట్టాలా, వ్యవసాయం కింద కట్టాలా? తెలిసినవారు చెప్పండి.