నేను గల్ఫ్‌ని మూయించేసిన శుక్రవారం

బహ్రెయిన్‌ని, ఇరుగుపొరుగు దేశాలతో సహా, ఒకసారి నేను మూయించేశాను. చమురు బావులు, రేవులు, విమానాశ్రయాలు, అన్నీ బంద్. సైన్యం గీన్యం ఏమీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, టీవీ ముందు కూర్చుని ఒక్క వాక్యంతో పని కానిచ్చేశాను. ఇంత ఘోరం చరిత్ర పుస్తకాల్లో ఎందుకు లేదని మీరు అడగొచ్చు. చివరిదాకా చదవండి, మీకే తెలుస్తుంది.

తొంభైల మొదట్లో మాట. కువైట్ యుద్ధం ముగిసి ఇంకా రెండేళ్లు కూడా కాలేదు. మా కంపెనీ క్యాంపు బహ్రెయిన్‌లోని మామీర్‌లో ఉండేది. అందులో అందరూ ఎండలో రాడ్లు కట్టేవాళ్లు, సిమెంటు మోసేవాళ్లు. ఏసీలో పనిచేసేవాణ్ణి నేనొక్కణ్ణే. హోదా ఏమిటంటారా? ఆఫీసులో టీ ఇచ్చేవాణ్ణి. కానీ ఎవరికిచ్చేవాణ్ణి? ఇంజనీర్లకి! ఏ భాషలో మాట్లాడేవాణ్ణి? ఇంగ్లీషులో! ‘విత్ షుగర్?’ ‘వితౌట్ షుగర్?’ ‘వన్ మోర్?’ అమలాపురం నుంచి వచ్చిన కుర్రాడికి ఇంతకంటే ఏం కావాలి? క్యాంపులో నన్ను ‘ఇంగ్లీషు మూర్తి’ అనేవాళ్లు. అలా అనమని నేనే చెప్పాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కప్పులు కడుగుతూ కడుగుతూ నాకు దేశాల స్వభావాలు కూడా తెలిసిపోయాయి. చక్కెర లేకుండా తాగేవాడి దేశంలో జాలి ఉండదు. మూడు చెంచాలు వేయించుకునేవాడి దేశంలో కోపం వచ్చినా గంటలో చల్లారిపోతుంది. అమెరికా నుంచి ఒకే ఒక్క ఇంజనీరు వచ్చాడు, పొగలు కక్కే టీలో ఐసు ముక్కలు వేయమన్నాడు. ఆ ఒక్క కప్పుతో అమెరికన్లందరి మనసూ నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అర్థమైపోయింది. నవ్వకండి, అప్పట్లో నేను దీన్ని నిజంగానే నమ్మాను.

ఆ శుక్రవారం సెలవు. అందరం మెస్సులో సినిమా చూస్తుంటే వీసీఆర్ క్యాసెట్‌ని నమిలేసింది. సరేనని టీవీ పెడితే, అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న వాళ్ల వాదన మళ్లీ వేస్తున్నారు. కోట్లు, టైలు, ఎదురుగా కుర్చీల్లో జనం.

“ఏటంతన్నారు మూర్తీ ఈళ్లు?” అన్నాడు వంట అప్పల్రాజు. శ్రీకాకుళం మనిషి. గరిటె చేతిలో ఉండగానే వచ్చి కూర్చున్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. “పన్నులు తగ్గిస్తానంటున్నాడు.”

“మరి ఆ రెండోవోడో?”

“వీడికంటే ఎక్కువ తగ్గిస్తానంటున్నాడు.”

పదిమాటల్లో నాకు ఒకటి అందుతోంది. మిగతా తొమ్మిదీ నేనే సొంతంగా సమకూరుస్తున్నాను. అప్పుడు రాజన్న ఓ ప్రశ్న వేశాడు. రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె, రాడ్లు కట్టడంలో అందెవేసిన చెయ్యి, మా అందరికీ పెద్దన్న లాంటివాడు.

“తమ్మీ, ఎలక్షన్ అంటున్నవు. మరి తిట్టుకుంటలేరేంది?”

“తిట్టుకుంటున్నారన్నా. వాళ్లు నవ్వుతూ తిట్టుకుంటారు. అది ఆ జాతి స్వభావం.”

ఇంతలో జనంలోంచి ఒకావిడ లేచి మైకు అందుకుంది. రాజన్న ముందుకు జరిగాడు.

“గీ ఆడామె ఎవరు? మంత్రా?”

“కాదు, మామూలు మనిషే.”

“మామూలు మనిషి లేచి ప్రెసిడెంటును నిలదీస్తదా? ఆయన నిలబడి జవాబు చెప్తడా?” రాజన్న నోరు తెరుచుకుని చూశాడు. “మనం నల్ల కారుతున్నదని క్యాంపు బాస్‌ను అడగనీకె భయపడి, కింద బకీట్ పెట్టుకున్నం గదా తమ్మీ!”

ఆ మాట నాకు నిజంగా తగిలింది. ఐసు టీ సిద్ధాంతమంతా పక్కకి పోయి, ఆ దేశమంటే మొదటిసారి ముచ్చట వేసింది. ఆ ముచ్చటలోనే ఉంటే సరిపోయేది. కానీ ఆవిడ ప్రశ్న అడిగింది, అందరూ నా వైపు తిరిగారు. ఆ ప్రశ్నలో నాకు చిక్కినవి ఐదు మాటలు: వెన్, క్లోజ్, గల్ఫ్, రిచ్, పూర్.

“గల్ఫ్ ఎప్పుడు మూసేస్తారని అడుగుతోంది” అన్నాను.

“ఏ గల్ఫు?”

“ఎన్ని గల్ఫులున్నాయేంటి? ఇదే!”

“ఆయనేమంటుండు?”

టీవీలో ఆయన తల ఊపాడు. “తొందర్లోనే అంటున్నాడు.”

“రెండో ఆయన?”

“ఇంకా తొందరగా మూసేస్తానంటున్నాడు.”

“మనం ఆళ్లకేటి సేసినాం?” అన్నాడు అప్పల్రాజు ఏడుపుగొంతుతో.

రిచ్, పూర్ అనే రెండు మాటలు ఇంకా ఖాళీగా పడున్నాయి. వాటినీ వాడేశాను. “పూర్ వాళ్లంతా ఇక్కడికొచ్చి రిచ్ అయిపోతున్నారని కడుపుమంట.”

గరిటె కింద పడింది. “ఓర్నాయనో! పొద్దున్నే రెండు బస్తాల బియ్యం దింపించినాను!”

పావుగంటలో క్యాంపంతా పెళ్లివారు ఖాళీ చేస్తున్న విడిదిలా తయారైంది. మంచాల కింద నుంచి పెట్టెలు బయటికొచ్చాయి. దుప్పట్లలో సామాను మూటలు కడుతున్నారు. నేను వాళ్ల మధ్య నుంచి గంభీరంగా తిరుగుతూ సలహాలిచ్చాను. రాజన్న గదిలోకి వెళ్లాక మాత్రం నా గాంభీర్యం జారిపోయింది. అతను బట్టలు సంచిలో కుక్కుతున్నాడు.

“అప్పుడే ఎందుకన్నా?”

“కువైట్ల గూడ గట్లనే అన్నరు తమ్మీ. అప్పుడే ఎందుకు, ఏం గాదు అన్నరు. నేను విన్న. ఆఖరుకు కట్టుబట్టలతోని ఎడారిల పడి వచ్చిన. ఈసారి అందరికంటె ముందుగాల నేనే పోత.”

రాజన్న ఊళ్లో ఇంటికి గోడలు లేచాయి, ఇంకా పైకప్పు పడలేదు. ఒప్పందం మధ్యలో వదిలేసి పోతే ఈ కంపెనీ మళ్లీ వీసా ఇవ్వదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ‘అన్నా, నాకు ఐదు మాటలే అర్థమయ్యాయి’ అంటే సరిపోయేది. ఇంగ్లీషు మూర్తి నోట ఆ మాట ఎలా వస్తుంది? “మంచి ఆలోచనే” అన్నాను.

మర్నాడు పొద్దున రాజన్న ఆఫీసుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “ఆ ఆడామె ప్రెసిడెంటునే అడిగింది. నేను కఫీల్‌ను అడగలేనా? నడువు.”

మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన యజమాని, పెద్దాయన. వయసులో ఉండగా బొంబాయితో వ్యాపారం చేసినవాడు, ఆయన హిందీ నా హిందీ కంటే నయం. నేను టీ ట్రే పట్టుకుని, ట్రే వెనకాల దాక్కుని నిలబడ్డాను.

“సేఠ్, నాకు ఖలాస్ చెయ్యి. పాస్‌పోర్టు ఇయ్యి, ఇంటికి పోత” అన్నాడు రాజన్న హిందీలో.

“ఎందుకు? ఎవరైనా ఏమన్నా అన్నారా?”

“గల్ఫ్ బంద్ చేస్తున్నరట.”

“ఎవరు చెప్పారు?”

“అమెరికా.”

“అమెరికా నీకు చెప్పిందా?”

“ఈయనకు చెప్పింది. ఈయన మాకు చెప్పిండు.”

కఫీల్ నా వైపు చూశాడు. విన్నది విన్నట్టు చెప్పమన్నాడు. ఐదు మాటలూ ఒకదాని వెనక ఒకటి అప్పజెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. దుఃఖమనుకున్నాను. తలగుడ్డ మీది నల్లతాడు జారి టీ కప్పులో పడ్డాక తెలిసింది, అది నవ్వు.

“అరే మూర్తీ! ఇంగ్లీషులో గల్ఫ్ అంటే మనుషుల మధ్య ఎడం కూడా! ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం ఎప్పుడు పూడుస్తారని అడిగిందయ్యా ఆవిడ! మన సముద్రం జోలికి ఎవరూ రాలేదు!”

రాజన్న ఉన్నచోటే నేలమీద కూలబడ్డాడు. “అంటె నా కొలువున్నట్టేనా?”

“ఉంది.”

“అందరియీ ఉన్నయా?”

“అందరివీ ఉన్నాయి.”

నన్ను కొడతాడనుకున్నాను. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, తలెత్తి పకపకా నవ్వాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఊపిరి పీల్చుకోవడంలో అంత సుఖం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

కానీ రాజన్న వెళ్లిపోలేదు. లేచి చొక్కా దులుపుకున్నాడు. “సేఠ్, ఎట్లయినా వచ్చిన గదా, ఒక్క మాట అడుగుత. వచ్చినకాడి నుంచి లీవు ఇస్తలేవు. ఎప్పుడిస్తవు?”

నేను గచ్చు వంక చూశాను. కఫీల్ తాడుని కప్పులోంచి తీసి, పిండి, పక్కన పెట్టి, నెమ్మదిగా తల ఊపాడు.

“రెండు నెలలు తీసుకో. ఇంటిపని చూసుకుని రా. గల్ఫ్ ఎక్కడికీ పోదు.”

రాజన్న రెండు చేతులూ జోడించాడు. సంతోషం పట్టలేక నేను నోరు జారాను. “మరి ఆయన వచ్చేదాకా రాడ్లెవరు కడతారు సార్?”

కఫీల్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం నీకు తెలియలేదు కదా? ఈ ఏసీ గదికీ సైటుకీ మధ్య దూరం రోజూ నడువు, తెలుస్తుంది. యల్లా, పద!”

అలా రెండు నెలలపాటు ఇనుపరాడ్ల మధ్య నా ఇంగ్లీషు చదువు పూర్తయింది. కాబట్టి సమస్త జనులకూ ఇందుమూలంగా తెలియజేయునది: ఏ దేశాధ్యక్షుడు ఎక్కడ ఏమన్నా, ఈ మూర్తి ఇకమీదట తర్జుమా చేయడు. ‘ఆయనేమంటున్నాడు?’ అని నన్ను అడక్కండి. లేచి ఆయన్నే అడగండి, అమెరికాలో అయితే అడగనిస్తారు.