దగ్గు సారు ఆగని చోటు

మా ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ రాదు. పుట్టింట్లోనూ అంతే, అత్తింట్లోనూ అంతే. సిరిసిల్లలో సాంచాల మధ్య పెరిగినవాళ్ళం మేము. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. ఒక్కటి నడిస్తేనే పక్కవాడి మాట వినపడదు, మా కార్ఖానాలో కాలు పెట్టే సందు లేకుండా నడిచేవి. పక్కింట్లో అదే మోత, ఎదురింట్లో అదే మోత. ఫోన్ చేసిన చుట్టాలు "ఏందక్కా, ఎవలతోని కొట్లాడుతున్నవ్?" అని అడిగేవాళ్ళు. కొట్లాటా పాడా, కూరలో ఉప్పు సరిపోయిందా అని మా ఆయన్ని అడుగుతున్నానంతే.

కార్ఖానాలో అసలు నోటితో పనే లేదు. చేతులతోనే మాట్లాడుకుంటాం. అరచేతిని అడ్డంగా కోసినట్టు చూపిస్తే పోగు తెగిందని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, దారం పట్టుకున్నట్టు పైకెత్తితే తెగలేదు, నడవనీ అని. నా బిడ్డకు మాటలు రాకముందే ఈ రెండూ వచ్చాయి.

అలాంటి ఇంటికి పియానో వచ్చింది. నవ్వకండి. మా ఆయన కొన్నేళ్ళు సాంచాలు వదిలి మస్కట్‌లో ఒక ఇంట్లో కారు నడిపేవాడు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళై దాన్ని ముట్టుకోవడం మానేశారట. పారేస్తామంటే ఈయన అడిగి తీసుకున్నాడు. పని వదిలేసి తిరిగొచ్చినప్పుడు కార్గోలో దుప్పట్లు, సబ్బులు, ఖర్జూరాలతో పాటు అదీ దిగింది. కరెంటుతో నడిచే పియానో, మంచమంత పొడుగు.

"గిదెందుకు తెచ్చినవ్? బట్టలారేసుకోనీకా?" అన్నాను.

"టీవీ అందరు తెస్తరే. గిది మన గల్లీల ఎవ్వలకన్న ఉన్నదా?" అన్నాడు ఛాతీ విరుచుకుని.

ఇంట్లో జాగా లేక కార్ఖానా మూలకు, నేను కూర్చుని కండెలకు నూలు చుట్టే చోటు పక్కన పెట్టాం. దానికొక మీట ఉంది. నొక్కితే దానంతటదే పాటలు వాయిస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ళకు వినిపించడానికి కంపెనీవాళ్ళు పెట్టిన పాటలట. చాలావరకు సాంచాల మోతలో కొట్టుకుపోయాయి. ఒక్కటి మాత్రం ఆ మోతను చీల్చుకుని నా దగ్గరికి వచ్చింది. కండె మీద నా చెయ్యి ఆగిపోయింది. ఏడుపొచ్చింది. ఎవరూ చావలేదు, ఎవరూ తిట్టలేదు, పట్టపగలు కండెలు చుట్టుకుంటూ కూర్చుని ఏడ్చాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఇవాళ్టికీ చెప్పలేను.

ఆ పాట కట్టినాయన ఎవరో తరువాత నా బిడ్డ ఫోన్‌లో వెతికి చెప్పింది. ఎప్పుడో రెండు వందల ఏళ్ళ కిందటి ఐరోపావాడు, దగ్గు రోగంతో చిన్న వయసులోనే పోయాడట. పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. మా ఆయన ఆయనకు దగ్గు సారు అని పేరు పెట్టాడు. నూలు దుమ్ముకు మేమూ పొద్దస్తమానం దగ్గేవాళ్ళమే కనక సారు మాలో కలిసిపోయాడు. "ఇయ్యాల దగ్గు సారు ఎట్లున్నడే?" అని మా ఆయన వెక్కిరించేవాడు. నేను తిట్టేదాన్ని. కానీ లోపల సంతోషంగా ఉండేది, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడుగుతున్నాడని.

నాకు సరిగమలు రావు, కాగితం మీద రాగం చదవడం అసలే రాదు. మీట నొక్కి, స్పీకరుకు చెవి ఆనించి, ఒక ముక్క విని, అది పలికే పియానో మెట్లు వెతుక్కునేదాన్ని. చప్పుడు మొత్తం పెంచితేనే వినపడేది. కుడిచేతికి దొరికిన ముక్క ఎడమచేతికి దొరికేసరికి ఏడాది తిరిగేది. వాయించడం కూడా సాంచా మీద దెబ్బ వేసినట్టే వాయించేదాన్ని, లేకపోతే నాకే వినపడదు. మా అత్త "ముసల్దానివైతున్నవ్, గీ పిచ్చేంది నీకు?" అని నెత్తి కొట్టుకునేది. పిచ్చే. ఒప్పుకుంటాను. వంట చేస్తున్నా, అన్నం తింటున్నా నా వేళ్ళు కంచం అంచు మీద ఆయన్నే వాయిస్తుండేవి.

ఆ పాట చివరికి వస్తుండగా ఒక చోట ఆయన ఆగుతాడు. అంతవరకూ పైకి పైకి పోయి, పోయి, ఉన్నట్టుండి ఏమీ ఉండదు. సాంచాల మోత ఒక్కటే ఉంటుంది. కాసేపటికి కింది మెట్ల మీద మళ్ళీ మొదలుపెట్టి పాట ముగిస్తాడు. నాకు ఆ ఆగడమంటేనే ప్రాణం. అక్కడ సారుకు దగ్గొచ్చి ఉంటుందని అనుకునేదాన్ని. ఊపిరి అందక చేతులు ఒళ్ళో పెట్టుకుని, తేరుకుని, మళ్ళీ మొదలుపెట్టి ఉంటాడు. నేనూ అక్కడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, సాంచా దెబ్బలు లెక్కపెట్టుకుని, మళ్ళీ అందుకునేదాన్ని. ఎవరొచ్చినా ఆ చోటు చూపించి చెప్పేదాన్ని, "గాడ సూడుండ్రి, గాడ ఊపిరి తీసుకుంటడు" అని. ముస్తాబాద్ నుంచి మా ఆడబిడ్డ వస్తే ఆమెకు కూడా చెప్పాను. ఆమె పాపం, టీ తాగి వెళ్ళిపోయింది.

ఒక్కసారైనా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినలేదా అని మీరు అడగొచ్చు. రాత్రీ పగలూ సాంచాలు నడిచేవి. కరెంటు పోతే అవి ఆగేవి, దాంతోపాటు పియానో కూడా ఆగేది. కరెంటు వస్తే రెండూ కలిసే లేచేవి. పండగకు పని ఆపితే ఇంటినిండా చుట్టాలు, పొయ్యి దగ్గర నేను. అలా ఆయన్ని నేను మోత లేకుండా ఎన్నడూ వినలేదు.

తరువాత ఆర్డర్లు తగ్గాయి, ఆపైన రానేలేదు. సాంచాలను విప్పి పాత ఇనుముకు అమ్మేశాం. మా ఆయనకు కోరుట్లలో బడి వ్యాన్ నడిపే పని దొరికితే అక్కడికి మారాం. ఆటో ట్రాలీలో మంచం, బీరువా, వాటి మీద దగ్గు సారు. కోరుట్ల ఇంట్లో మొదటి రోజులు నాకు పిచ్చెక్కినట్టుండేది. ఏ మోతా లేదు. గోడలు మీద పడుతున్నట్టుండేది. అయినా ఒక ఆశ. ఇప్పుడు సారును తీరికగా, మోత లేకుండా వినొచ్చు కదా.

ఒకరోజు పొద్దున నేను పాట వాయిస్తున్నాను. నర్సింగ్ చదువు అప్పుడే అయిపోయిన నా బిడ్డ తల దువ్వుకుంటూ వింటోంది. సారు ఆగే చోటుకు వచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"అమ్మా, గాడెందుకు ఆగినవ్?"

"గాడ ఆయన ఆగిండు గదా."

"యాడ ఆగిండు?" అని వచ్చి మీట నొక్కింది. పాట మొదలైంది. ఇద్దరం నిలబడి విన్నాం. ఆ చోటు వచ్చింది. ఏమీ లేదు.

"సూసినవా?" అన్నాను గెలిచినదానిలా.

నా బిడ్డ నా ముఖంలోకి చూసింది. "అమ్మా... మోగుతుందే. గిప్పుడు గూడ మోగుతుంది."

"ఏది? ఏం లేదు."

"మస్తు మెల్లగ ఉంది గని ఉన్నదమ్మా. పైన మీది మెట్ల మీద... గిదో, గిప్పుడు ఆఖరిది."

ఫ్యాన్ కట్టేయించాను. కిటికీలు మూయించాను. స్పీకరుకు ఈ చెవి ఆనించి, ఆ చెవి ఆనించి, పూర్తిగా పెంచి విన్నాను. నా బిడ్డ చెవులు మూసుకుంది. నాకు ఏమీ లేదు. పాట పైకి పోతుంది, తెగిపోతుంది, కింద మళ్ళీ మొదలవుతుంది. సాంచాల మోత మధ్యలో వినపడలేదంటే అర్థముంది. కోరుట్లలో, మూసిన గదిలో, చీమ చిటుక్కుమనని చోట కూడా నాకు వినపడలేదు. నేను ఇన్నేళ్ళు ప్రాణం పెట్టుకున్నది ఆయన వాయించనిదాని మీద. ఆయన వాయించింది మాత్రం నా చెవి దాకా ఒక్కనాడూ రాలేదు.

జగిత్యాల చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. గాజు పెట్టెలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాను, ఎత్తాను, తరువాత ఎత్తడానికి ఏమీ రాలేదు. డాక్టరు గీతలున్న కాగితం చూపించి, "సన్నటి పై సప్పుళ్ళు పోయినయమ్మా. సాంచాల కాడ చేసినోళ్ళకు గిదే అయితది. పోయింది మల్ల రాదు, ఉన్నది గూడ మెల్లమెల్లగ తగ్గుతది" అన్నాడు. పోనీ చెవిమిషన్ పెట్టుకుంటే? పెట్టారు. అమ్మో! గిన్నె కింద పెడితే పిడుగు పడ్డట్టు. బయట ఎవడో దగ్గితే నా చెవిలో దగ్గినట్టు. మాటలు మాత్రం స్పష్టంగా వినపడ్డాయి. డాక్టరు సంతోషపడ్డాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మీట నొక్కాను. దగ్గు సారు వచ్చాడు, వంకరపోయి వచ్చాడు. ఒక్కో స్వరం వణుకుతూ, ఈల వేస్తూ, ఒకటి ఇంకోదానిలోకి జారిపోతూ. ఆ చోటులో ఏదో కీచుమంది. అది పాటో మిషనో తెలియలేదు. మళ్ళీ పోయి డాక్టరును అడిగితే, అది మాటల కోసం చేసింది, సంగీతానికి అంత పనికిరాదు అన్నాడు. మిషన్ పీకి మంచం మీద విసిరేశాను.

"మంది మాట ఇనవడితే సాలదా నీకు?" అన్నాడు మా ఆయన. ఆయన చెవులు నాకంటే అధ్వానం. కానీ ఆయనకు దాని బాధే లేదు.

"మంది మాట ఎవలికి గావాలె! నేను సచ్చేలోపల గది ఒక్కసారి ఇనాలె!" అని అరిచాను. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. చూడనీ.

వినలేకపోతే వాయించనైనా వాయించాలి కదా. పాటకు బొక్క పెట్టి ఇన్నేళ్ళు వాయించాను, దాన్ని పూడ్చకుండా పోతే నాకు ఊపిరాడదు. నా బిడ్డను కూర్చోబెట్టుకున్నాను. అది విని, మెట్టు చూపించేది, నేను వేలు పెట్టేదాన్ని. ఆ పై మెట్లు నాకు చప్పుడు లేని చెక్కముక్కలు. వేళ్ళు వారంలోనే నేర్చుకున్నాయి. అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. "మెల్లగమ్మా," అంటుంది. మెల్లగా నొక్కుతాను. "ఇంక మెల్లగ. ఆయన సభల వాయిస్తె ఎనుక కూసున్నోళ్ళకు ఇనవడకపోతుండెనట." నా ఖర్మ చూడండి! లోకంలో ఇంతమంది ఉండగా నేను మనసు పడ్డది మెల్లగా వాయించేవాడి మీద. ఇంకా మెల్లగా నొక్కితే, "అమ్మా, గిప్పుడు అసలే మోగలే" అంటుంది. మరీ మెల్లగా నొక్కితే ఆ మెట్టు పలకదు. పలికిందో లేదో నాకు తెలియదు.

అందుకని బిడ్డ ఎదురుగా నిలబడి కార్ఖానా సైగలు చేసేది. మోగితే రెండు వేళ్ళు కలిపి పైకి. మోగకపోతే అరచెయ్యి అడ్డంగా. తెగింది, తెగింది, తెగలేదు, తెగింది. పొద్దున లేస్తే అదే, అన్నం ముందు అదే. స్నానం చేస్తున్నదాన్ని తలుపు కొట్టి పిలిచాను. చివరికి దానికి విసుగొచ్చింది. "నా చెవులు నీకు ఎన్ని దినాలు ఇయ్యాలె అమ్మా?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పూట మాత్రం పిలవలేదు.

తరువాత దానికి జగిత్యాల ఆసుపత్రిలో డ్యూటీ దొరికింది. తోటి నర్సులతో కలిసి అక్కడే గది తీసుకుంది. బస్టాండులో బస్సెక్కేటప్పుడు జాగ్రత్త చెప్పాల్సింది పోయి, "మొన్న ఆఖరుసారి మోగిందా, నిజం చెప్పు" అన్నాను. అది నవ్వి రెండు వేళ్ళు పైకెత్తింది. బస్సు పోయింది.

బిడ్డకు ఫోన్ కలిపి, పియానో మీద పెట్టి వాయించి చూశాను. "ఏం ఇనొస్తలేదమ్మా, నీ పాట గాడికొచ్చి ఆగిపోతుంది," అంది. తరువాత మళ్ళీ ఫోన్ చేసి, మెల్లటి చప్పుళ్ళను ఫోనే మింగేస్తుందట, వార్డులో ఎవరో చెప్పారు అంది. అయితే తెగింది ఫోన్‌లోనా, నా వేళ్ళలోనా? ఎవరు చెప్తారు? అడగడానికి ఇంట్లో ఇంకో చెవి లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా ఇంట్లో ఊదేదీ చెవిటిదే.

ఒక సాయంత్రం వ్యాన్ పెట్టొచ్చి, మా ఆయన కాళ్ళు కడుక్కుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బిడ్డ నిలబడే చోటే. "వాయించు," అన్నాడు.

"నీకు ఇనవడదు గదయ్యా."

"సాంచాల కాడ నేను చెవితోని ఇన్ననా ఎన్నడన్న? చెక్క మీద చెయ్యి పెడితె తెలుస్తది నాకు." పియానో అంచు మీద అరచెయ్యి పెట్టాడు.

వాయించాను. ఆ చోటు వచ్చింది. పై మెట్లు ఒక్కొక్కటి నొక్కుతూ ఆయన్ని చూశాను. రెండు వేళ్ళు కలిపి పైకెత్తాడు. తెగలేదు. నడవనీ. ఎన్నాళ్ళకో నా గుండె నిండింది. మళ్ళీ వాయించాను. మళ్ళీ తెగలేదు. రోజూ వ్యాన్ పెట్టి రావడం, చెయ్యి పెట్టడం, తెగలేదనడం. నాకు రాత్రిపూట నిద్ర పట్టసాగింది.

నాదే పాడు బుద్ధి. ఊరికే ఉండలేకపోయాను. నిన్న ఆ చోటుకు వచ్చినప్పుడు వేళ్ళను పై మెట్ల మీద ఆడించాను కానీ ఒక్కదాన్ని కూడా నొక్కలేదు. తాకీ తాకనట్టు పోనిచ్చి, తల ఎత్తి చూశాను.

మా ఆయన కళ్ళు మూసుకుని, అరచెయ్యి చెక్క మీద పెట్టుకుని ఉన్నాడు. రెండో చేతి వేళ్ళు రెండూ కలిపి, పైకెత్తి పట్టుకున్నాడు. పాట మొత్తం అయిపోయేదాకా దించలేదు.

"మోగిందా?" అన్నాను.

"మంచిగ మోగిందే," అన్నాడు.