తలుపు వేసుకోమన్నాను

ఏళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. పాడుతున్నప్పుడు కూడా ఉంటుంది. పాట బయటికి వస్తుంది, ఇది మాత్రం లోపలే మిగిలిపోతుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

మాది నూజివీడులో మామిడి వ్యాపారం చేసే ఇల్లు. నాన్న తోటల్లో కాయ కొని, మాగబెట్టి అమ్మేవారు. నాకు ఆ గొడవ పట్టేది కాదు. గిటార్ పట్టుకుని సొంతంగా పాటలు కట్టుకుని పాడుకునేదాన్ని. మా చుట్టుపక్కల అలాంటి పిచ్చి ఉన్న పిల్ల ఇంకొకతే ఉంది. ముసునూరు రైతుల అమ్మాయి, నీలిమ. నాకన్నా చిన్నది, అక్కా అని పిలిచేది. ఫోన్లో పాటలు పెట్టి ఇద్దరం కాస్త పేరు తెచ్చుకున్నాం. నిజం చెప్పాలంటే, కాస్త నేను తెచ్చుకున్నాను. మిగతాదంతా దానిదే.

ఒక వేసవిలో మా ఇద్దరి పేర్లూ ఒకే పోస్టర్ మీద వేసి సాయంత్రం ప్రోగ్రామ్ పెట్టారు. నాన్న గోడౌన్ ముందున్న షెడ్డే మా స్టేజీ. ముందు నేను, తర్వాత నీలిమ. హైదరాబాద్‌లో పెద్ద షోలు చేయించే ఒకాయన మమ్మల్ని వినడానికి వస్తున్నారు. ఇద్దరిలో ఒక్కరినే తీసుకుంటామని ముందే చెప్పారు. ఎవరిని తీసుకుంటారో నాకు తెలుసు. నీలిమ గొంతు ఒక్కసారి విన్నవాళ్లెవరికైనా తెలుస్తుంది.

ఇక్కడ మా ఇళ్లలో ఉండే ఒక సంగతి చెప్పాలి. మాగబెట్టే గదికి కిటికీలుండవు. కాయల మధ్య కార్బైడ్ పొట్లాలు పెట్టి తలుపు బిగిస్తారు; తడి తగిలితే వాటిలోంచి వచ్చే ఘాటు గ్యాస్‌కే కాయ మాగుతుంది. చట్టప్రకారం అలా పెట్టకూడదు, కాబట్టి ఆ సంగతి ఎవరూ పైకి అనరు. తలుపు తీశాక కూడా గాలి చాలాసేపు ఆడనిచ్చి గానీ లోపలికి అడుగుపెట్టరు. చిన్నప్పుడు ఆ గుమ్మం దగ్గర ఆడుకుంటే అమ్మ చేతిలో నా వీపు విమానం మోత మోగేది. నీలిమ వాళ్లు రైతులు. వాళ్లకి చెట్టు తెలుసు, పూత తెలుసు. మందు పెడతారని ఎప్పుడైనా విని ఉంటుంది గానీ, కాయ మా గోడౌన్‌కి చేరాక ఏ గదిలో ఏం జరుగుతుందో అది చూసి ఎరగదు.

ఆ మధ్యాహ్నమే గదిలో సరుకు తీసి లారీకెత్తారు. పొట్లాలు ఇంకా మూలన కుప్పగా పడి ఉన్నాయి. నేలంతా తడి. షెడ్డులో స్పీకర్ల గోల భరించలేక, గొంతు సవరించుకోవడానికి చోటు వెతుక్కుంటూ నీలిమ ఆ గది ముందు ఆగింది.

"అక్కా, ఇక్కడ రీసౌండ్ భలే వస్తోంది. కాసేపు కూర్చుని పాడుకోనా?"

"పాడుకో."

"ఏదో వాసనొస్తోంది, ఏంటది? వెల్లుల్లిపాయల్లాగా."

"కాయల వాసనేలే. తలుపు వేసుకో, బయటంతా గోల."

అది తలుపు వేసుకుంది. నేను వెళ్లి నా పాటలు పాడుకున్నాను.

నాకు తెలియదా? తెలుసు. ఏమవుతుందనుకున్నాను? కాస్త గొంతు గీరుకుంటుంది, ఒకటో రెండో స్వరాలు పోతాయి, అంతే అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను, కానీ పాడుతున్నంతసేపూ ఆ తలుపు వైపు ఒక్కసారి కూడా చూడకుండా ఎలా ఉండగలిగాను?

నీలిమ స్టేజీ ఎక్కి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మైకు పోయిందనుకుని జనం కేకలు వేశారు. మైకు బాగానే ఉంది, నీలిమ ఊపిరి చప్పుడు స్పీకర్లలోంచి గరగరమని వినిపిస్తోంది. అది జనాన్ని చూడలేదు. పక్కన నిలబడ్డ నన్నే చూస్తూ, పెదవులు కదుపుతూ, పాటంతా అలాగే పూర్తి చేసింది.

ఆస్పత్రిలో డాక్టరు గారు, ఏమైనా పీల్చిందా అని అడిగారు. నీలిమకి మాట రావడం లేదు. జవాబు చెప్పాల్సింది నేనే.

షెడ్డులో దుమ్మండీ, అన్నాను.

అప్పుడు నిజం చెప్పి ఉంటే సరైన మందు పడేదేమో. నాన్న మీద కేసు పడుతుందని భయపడ్డానని చెప్పుకోవచ్చు. కానీ అప్పటికే హైదరాబాద్ ఆయన నన్ను రమ్మన్నారు.

ఆ రోజు నా పాట ఫోన్లో రికార్డయింది. నా గొంతు కింద సన్నగా కూనిరాగం వినిపిస్తుంది. గోడ అవతల నీలిమ పాడుకుంటోంది. రెండో చరణం మధ్యలో అది ఆగిపోతుంది. అందులో వింతేమీ లేదు. కానీ తర్వాత హైదరాబాద్ స్టూడియోలో, బయటి చప్పుడు చొరని గదిలో పాడిన పాటలోనూ అది ఉంది. ఇంజనీర్‌ని అడిగితే ఏమీ లేదండీ అన్నాడు. ఆ తర్వాత ప్రతి పాటలోనూ ఉంది. ఏ పాటైనా సరే, రెండో చరణం మధ్యలో ఆ కూనిరాగం ఆగిపోతుంది. ఆగిన చోట వెల్లుల్లి వాసన వస్తుంది.

నీలిమ గొంతు మళ్లీ బాగుపడలేదు. ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్ చెబుతోంది. ఏటా వేసవిలో వాళ్ల తోట కాయలు బుట్టలో సర్ది బస్సులో పంపుతుంది. పంపాక ఫోన్ చేసి, ఆ గరగర గొంతుతో ఎప్పుడూ ఒకే మాట అంటుంది: "గడ్డిలో మాగేసినవే అక్కా, మందు పెట్టలేదు. భయపడకుండా తిను."

దానికి తెలుసా? నేనెప్పుడూ అడగలేదు. ఆ పళ్లు ఎప్పుడూ తినలేదు.

ఈ ఏటి బుట్ట నా ఎదురుగానే ఉంది. పొద్దున నా పాత పాట ఒకటి పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ కూనిరాగం మొదలవగానే కట్టేసేదాన్ని. ఈ రోజు అది ఆగిపోయేదాకా విన్నాను. ఆగిన చోట, ఖాళీ ఇంట్లో, పైకే అన్నాను: తలుపు వేసుకోమన్నది నేనే నీలిమా, లోపల ఏముందో తెలిసే అన్నాను.

ఇన్నేళ్లకి ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్లింది, అంతే. నీలిమకి ఫోన్ చేసి ఇదే మాట చెప్పాలి. ఇంకా చేయలేదు.