భాగీరథి మెస్సులో ఆటగాళ్ల మార్పిడి

కోసాడ్ కాలనీలో కింది అంతస్తు గదిలో మెస్సు నడిపే భాగీరథి చేతిలోంచి 2020 నవంబరులో ఒక ఉదయం టీవీ రిమోటు జారి పప్పు గుండిగలో పడింది. పప్పు అప్పటికే ఉడికింది. రిమోటును గరిటెతో బయటికి తీసి, తుడిచి, కిటికీలో ఎండకు పెట్టారు. పప్పును ఎప్పటిలాగే వడ్డించారు. మధ్యాహ్నానికి రిమోటు కోలుకుంది గాని, అందులో శబ్దం పెంచే మీట ఒక్కటే పనిచేసింది. సూరత్‌లో సాంచాలనే పవర్‌లూమ్ మగ్గాల మోతలో ముప్పై ఏళ్లు గడిపి చెవులు పోగొట్టుకున్న ఆమె భర్త అంబదాస్‌కు మాత్రం ఇది నష్టంగా తోచలేదు.

రిమోటు పడిందంటే ఊరికే పడలేదు. ఆమె దాన్ని ఊపుతూ తన అభిప్రాయం చెప్పబోయింది. ఆస్ట్రేలియాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు తన ముసలి ఆటగాణ్ని ఇంకో క్లబ్బుకు ఇచ్చేసి, బదులుగా అక్కడి పొడుగు కుర్రాణ్ని తెచ్చుకోవడం మంచిదా కాదా అన్నది విషయం.

సిరిసిల్ల వైపు పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చి, సాంచాల మీద పనిచేసే మనవాళ్లకు అన్నం వండిపెడుతూ యాభై దాటిన మనిషికి ఈ బెంగ ఎక్కడిదని అనుమానం రావచ్చు. లాక్‌డౌన్ తెచ్చిపెట్టింది. మార్చిలో సాంచాలు ఆగాయి. మే నెలలో రైళ్లు వేస్తే సగానికి పైగా మనుషులు ఊళ్లకు వెళ్లిపోయారు. సీటు దొరకనివాళ్లూ, వెళ్లి ఏం చెయ్యాలో తెలియనివాళ్లూ భాగీరథి గదిలో టీవీ ముందు కూర్చున్నారు. క్రికెట్ లేదు. పాత మ్యాచులు చూసి చూసి, ఎవరు ఏ బంతికి అవుటవుతారో పిల్లి కూడా చెప్పేలా తయారైంది. జూన్‌లో ఎవరో చానెళ్లు తిప్పుతుంటే ఒక ఆట కనపడింది. బంతి కోడిగుడ్డులా ఉంది. ఒకడి వీపు మీదికి ఇంకొకడు ఎక్కి దాన్ని పట్టుకుంటున్నాడు. ముఖ్యంగా, అది ఆ రోజు జరుగుతున్న ఆట.

అందరికంటే ముందు భాగీరథికే పట్టుకుంది. నాలుగు గుంజల్లో నడిమి రెండింటి మధ్య తన్నితే ఆరు, పక్కకు పోయినా ఒకటి ఇస్తారని తెలిసినప్పుడు ఆమె పిండి చేతులతోనే వచ్చి కూర్చుంది.

“తప్పినోనికి గూడ ఒకటిస్తున్రు. గిది న్యాయమున్న ఆట,” అంది.

ఇక ఒక జట్టును ఎంచుకోవాలి కదా. సాంచాల మీద మార్చిలో సగం నేసి వదిలేసి వచ్చిన చీరల అంచు లాంటి చారలే ఒక జట్టు బనీన్ల మీద కనపడ్డాయి. అంతే, వాళ్లు మనోళ్లయ్యారు. ఆ క్లబ్బు పేరు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పలికేవారు గనుక ఇక్కడ రాసి లాభం లేదు. ఆటగాళ్ల పేర్లదీ అదే గతి. వెనక కాపలా కాసే బట్టతల మనిషికి పెద్దాయన అని పేరు పెట్టారు. అవతలి జట్టులోని పొడుగు కుర్రాడు నిచ్చెన.

ఈ జ్ఞానమంతా మెస్సుకు అందించినవాడు వరప్రసాద్. సూరత్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడు. తెలుగులో మొదలుపెట్టి, హిందీ మీదుగా గుజరాతీలో దిగుతాడు. ఫోనులో ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. తల్లిదండ్రులు మే నెల రైల్లో ఊరికి పోతూ, వీణ్ని జర చూసుకోమని భాగీరథికి అప్పజెప్పారు. ఆట సీజన్ అయిపోయాక క్లబ్బులు మనుషుల్ని ఇచ్చిపుచ్చుకుంటాయని, దానికొక గడువుంటుందని, అది దాటితే మళ్లీ ఏడాది దాకా ఏమీ కుదరదని ఆమెకు అతనే చెప్పాడు. రెండు రొట్టెలూ ఒక ఉల్లిగడ్డా ముందు పెట్టుకుని చెప్పాడు. మంచి మనిషిని ఇచ్చేటప్పుడు అవతలివాళ్లు తెచ్చే మనిషి సరితూగకపోతే, వచ్చే ఏడు కొత్తగా చేరేవాళ్లలో ముందు ఏరుకునే హక్కు కూడా పైన కలిపి అడగవచ్చట. రొట్టెలు ఆటగాళ్లు, ఆ హక్కు ఉల్లిగడ్డ. భాగీరథి శ్రద్ధగా విని, చివర్లో ఉల్లిగడ్డ తీసుకెళ్లి తరిగేసింది.

నిచ్చెన రావచ్చుననీ, పెద్దాయన పోవచ్చుననీ వరప్రసాద్ ఫోను చెప్పిన రోజు నుంచి మెస్సు రెండు ముక్కలైంది. నిచ్చెన కావాలనేవాళ్లు వరప్రసాద్ చుట్టూ చేరారు. పెద్దాయన ఉండాలనేవాళ్లకు సోమలింగం నాయకుడు. సోమలింగానికి అంబదాస్ ఈడు. మోకాలు నొప్పి వల్ల, సాంచాలు మళ్లీ నడవడం మొదలయ్యాక సేఠు అతనికి ఇదివరకటి కంటే తక్కువ సాంచాలు ఇచ్చి, మిగిలినవి ఒక కుర్రవాడికి అప్పగించాడు. దాని గురించి అతను ఒక్క మాటా అనలేదు. పెద్దాయన గురించే అంటున్నాడు.

ముసలోడు ఉరకలేడని వరప్రసాద్ అనడం, ఉరకడమొక్కటే ఆట కాదని సోమలింగం అనడం రోజూ ఉండేదే. ఆ ఉదయం మాత్రం, రిమోటు గుండిగలో ఉండగా, వరప్రసాద్ ఇంకో మాట జారాడు.

“మోకాళ్లు పోయినోన్ని ఎన్ని రోజులు మోస్తరు కాకా? వాడంతట వాడే తప్పుకోవాలె.”

సోమలింగం లేచి, తన కంచం తానే కడుక్కుని, కొక్కేనికి తగిలించకుండా చంకలో పెట్టుకున్నాడు.

ఇక్కడ కంచం సంగతి చెప్పాలి. ఈ మెస్సుల్లో ఎవరి స్టీలు కంచం వాళ్లదే. అంచు మీద పేరు చెక్కించి ఉంటుంది. గోడకు వరసగా కొక్కేలుంటాయి. కంచం ఏ గోడకు వేలాడితే మనిషి ఆ మెస్సువాడు. ఊళ్లకు పోయినవాళ్లు సైతం కంచాలు భాగీరథి గోడకే వదిలి వెళ్లారు, అంటే తిరిగి వస్తామని. కంచం చంకలో పెట్టుకున్నాడంటే ఇక చెప్పడానికి మాటలేవీ మిగల్లేదని.

పోవడానికి చోటు కూడా సిద్ధంగా ఉంది. ఎదురు బిల్డింగులో పద్మారాణి అనే ఆమె వానాకాలంలో కొత్తగా మెస్సు పెట్టి, వారానికి రెండుసార్లు గుడ్డు వేస్తోంది. సోమలింగం పోతే అతని పక్షమంతా పోతుంది. ఉన్నదే సగం మంది. అందులో సగం పోతే ఈ గది కిరాయి, గ్యాసు ఖర్చు గిట్టక పొయ్యి ఆర్పుకోవడమే. భాగీరథికి అది తెలుసు. సోమలింగం గుమ్మం దాటి, నాలుగడుగులు వేసి, ముఖానికి మాస్కు లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే మళ్లీ పోవడానికి మొహమాటపడి, ఈ పూటకు మాత్రమేనని అందరికీ వినపడేలా చెప్పి కంచం తగిలించాడు.

ఆ పూటంతా భాగీరథి కాలు ఒకచోట నిలవలేదు. ఏరిన బియ్యం మళ్లీ ఏరింది. కొక్కేల దగ్గరికి వెళ్లి కంచాలు సర్ది, వాకిట్లోకి వచ్చి ఎదురు బిల్డింగు వైపు చూసి, లోపలికి వెళ్లి మళ్లీ కంచాలు సర్దింది. సోమలింగానికి క్షమాపణ చెప్పమని వరప్రసాద్‌ను అడిగింది. పెద్దాయన ఆట లెక్కలు ఫోనులో చూపిస్తాను, వాటిలో తప్పుంటే అప్పుడు చెప్తానన్నాడు అతను. పోనీ నువ్వైనా వదిలెయ్యి అని సోమలింగాన్ని అడిగింది. అతను మోకాలు నిమురుకుంటూ, ఇది పెద్దాయన మర్యాదకు సంబంధించిన విషయం వదినె అన్నాడు. భర్తను అడిగింది. అంబదాస్ తలూపి, ఉప్పు సరిపోయిందన్నాడు.

అప్పుడు ఆమె కొంగు నడుముకు చుట్టి, మాస్కు కట్టుకుని, గల్లీ దాటి పద్మారాణి దగ్గరికి వెళ్లింది.

అక్కడ జరిగినదానికి సాక్షులు లేరు. ఇద్దరూ తర్వాత చెప్పుకున్నదాన్ని బట్టి ఇలా జరిగింది. భాగీరథి కూర్చోకుండానే, తమ కుర్రాడొకణ్ని ఇస్తాననీ, బదులుగా దేవదాస్‌ను ఇవ్వమనీ అడిగింది. దేవదాస్ ఆ మెస్సులో తినే, సాంచాలు నడిపే నడివయసు కారీగరు. ఏ విషయం మీదా ఏ అభిప్రాయమూ లేని మనిషిగా కాలనీలో పేరుంది. పద్మారాణి ఇలాంటి బేరం ఎన్నడూ వినలేదు. అయినా మెస్సు నడిపే మనిషి గనుక మొదటి ప్రశ్న సరిగ్గానే వేసింది.

“ఎంత తింటడక్కా?”

భాగీరథి నిజం దాచలేదు, పూర్తిగా చెప్పనూ లేదు. తిండి బాగానే తింటాడు, కానీ వాడున్నచోట నలుగురు చేరుతారు, కొత్త మెస్సుకు అది కావాలి కదా అంది. పద్మారాణి కూడా దేవదాస్ గొప్పతనం చెప్పింది గాని, కరివేపాకు ఏరి కంచం అంచు చుట్టూ తోరణంలా పేరుస్తాడన్న సంగతి చెప్పలేదు. ఇంతవరకూ ఏ క్లబ్బయినా చేసే పనే. తర్వాత భాగీరథి ఉల్లిగడ్డ తీసింది. కుర్రాణ్నిచ్చి ముదురు మనిషిని తీసుకుంటున్నాను గనుక, దీపావళి తర్వాత ఊరి రైలు దిగి ఈ కాలనీకి వచ్చే మొదటి కొత్త మనిషి ఎవరైనా సరే, మొదట నా మెస్సుకే రావాలంది. పద్మారాణి ఒప్పుకుంది.

ఒప్పందం అయిపోయాక కూడా భాగీరథి కదలలేదు. గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెనక్కి తిరిగింది.

“చెల్లె, వానికి వంకాయ పడదు, పెదువులు ఉబ్బుతయి. ఆఖరు రొట్టె జర మాడ్చి పెట్టు, గట్లయితేనే తింటడు. వాళ్లమ్మ నాకు అప్పజెప్పి పోయింది.”

పద్మారాణి సరేనంది. కంచాలు చేతులు మారాయి.

మరునాడు మధ్యాహ్నం వరప్రసాద్ వచ్చి, అలవాటుగా తన కొక్కేనికి చెయ్యి చాచి కంచం తీసుకుని కూర్చున్నాడు. అంచు మీద దేవదాస్ అని ఉంది. తిప్పి చూశాడు, అడుగునా వేరే పేరేమీ లేదు. అప్పుడే దేవదాస్ లోపలికి వచ్చి, మాస్కు ఒక చెవికి వేలాడేసుకుని, ఆ కంచం కోసం మౌనంగా చెయ్యి చాచాడు. గరిటె కింద పెట్టకుండానే భాగీరథి జరిగింది చెప్పింది. వరప్రసాద్ నమ్మలేదు. గల్లీ అవతల పద్మారాణి తలుపు దగ్గర నిలబడి, అతని కంచం ఎత్తి చూపించింది. అందులో అప్పటికే గుడ్డుంది.

తనతో పాటు తన పక్షమంతా లేచి వస్తుందనుకున్నాడు పాపం. వాళ్లు లేవలేదు. భాగీరథికి గిట్టుబాటయిందా లేదా అన్న చర్చలో పడ్డారు. కుర్రాణ్నిచ్చి దేవదాస్‌ను తేవడం తెలివితక్కువని ఒకరన్నారు. దేవదాసొక్కడే కాదు, రాబోయే మొదటి మనిషిని కూడా లెక్కలో వేసుకోవాలని ఇంకొకరు. ఆ మొదటి మనిషి ఎంత తింటాడో ఎవరికి తెలుసని మూడోవాడు. ఆ వాదనలో నిచ్చెన పక్షం, పెద్దాయన పక్షం కలగలిసిపోయాయి. సోమలింగమైతే, ఎంత లేదన్నా పోరడు చురుకైనోడు, వదినె మోసపోయిందని తేల్చి, తన కంచం కొక్కేనికి గట్టిగా తగిలించి పనికి వెళ్లాడు.

రెండు రోజులు మెస్సులో కంచాలన్నీ గోడకే ఉన్నాయి. కానీ కుదురు లేదు. సోమలింగానికి ఎదురు మాట్లాడేవాడు లేడు. పెద్దాయన మీద నీ అభిప్రాయమేమిటని దేవదాస్‌ను అడిగితే, అతను కరివేపాకు పేర్చడం ఆపి, తొక్కు పచ్చడి ఉందా అని అడిగాడు. పైగా ఆస్ట్రేలియాలో గడువు దగ్గరపడుతోంది. కబురు చదివే ఫోను గల్లీ అవతల ఉంది. తిన్నవాడల్లా చెయ్యి కడిగే వంకతో వాకిట్లోకి వచ్చి, ఎదురు బిల్డింగు వైపు మెడ సాచి, ఏమీ వినపడక లోపలికి వస్తున్నాడు. భాగీరథి కూడా రెండుసార్లు వెళ్లి చూసింది. వరప్రసాద్ తింటున్నాడు. ఆఖరు రొట్టె మాడిందా లేదా అన్నది అంత దూరం నుంచి తెలియలేదు.

మూడోనాడు అతనే వచ్చాడు. కంచం చంకలో ఉంది. గుమ్మంలో నిలబడగానే మెస్సంతా తినడం ఆపింది. సోమలింగం మోకాలు మరిచిపోయి లేచాడు.

గడువు ముగిసిందట. బేరం కుదరలేదట. నిచ్చెన ఉన్న క్లబ్బులోనే ఉండిపోయాడు. పెద్దాయన ఇంకో ఏడాది మనోళ్లతోనే. సోమలింగం కూర్చున్నాడు. గెలిచినవాడిలా కాదు, నీళ్లు తాగి, వరప్రసాద్‌కు పక్కన జాగా చేసి, పెద్దాయన ఉరకలేడన్న మాట మాత్రం నిజమేరా అన్నాడు. వరప్రసాద్ ఆ జాగా వైపు చూశాడు. తన కొక్కేనికి ఇప్పుడు వేలాడుతున్న దేవదాస్ గిన్నె వైపు చూశాడు. అక్కడే తింటున్న దేవదాస్‌ను చూశాడు.

“నిచ్చెన రాలె, పెద్దాయన పోలె. ఇంత లొల్లిల నేనొక్కన్నే పోయిన,” అన్నాడు. “ఆమె రొట్టె మాడ్సుతది గని రెండు దిక్కుల మాడ్సుతది. నన్ను వాపస్ తీసుకో అత్తా.”

భాగీరథి అతని చంకలోంచి కంచం లాక్కుని, అన్నం పెట్టి, పప్పు పోసి, చేతికిచ్చింది.

“ఈ పూటకు తిని పో, గడువు అయిపోయింది బిడ్డా, ఇగ వచ్చే ఏడాదే.”